ఎనిమిదో సీటు మైక్ చెక్

"ఫోను కూడానా?" అని అడిగింది డిటెక్టివ్.

"ఫోను, వాచీ, పెన్ను, చేతిరుమాలు అన్నీ. పరీక్ష ఉన్నా లేకపోయినా ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు ఒట్టి చేతులతో వెళ్ళాల్సిందే. అక్కడితో సరి," అన్నాడు చీఫ్, లాకరు తలుపు తెరిచి పట్టుకుని.

వాళ్ళిద్దరికీ పరిచయం పాతదే. చాలా ఏళ్ళు ఒకే అంతస్తులో ఎదురెదురు గదుల్లో చెరొక డిటెక్టివ్ ఏజెన్సీ నడిపారు. మెట్లెక్కి వచ్చే ప్రతి మనిషినీ ముందు ఎవరు పలకరిస్తే వాళ్ళకి కేసు. తర్వాత అతను బోర్డు దింపేసి ఈ పరీక్షా కేంద్రంలో సెక్యూరిటీ చీఫ్‌గా చేరాడు. ఉద్యోగం మారినా ప్రతి మాటకీ చివర తాళం వేసినట్టు "అక్కడితో సరి" అనడం మాత్రం మానలేదు.

డిటెక్టివ్ ఫోనూ వాచీ లాకర్లో పెట్టింది. ఆమె వెనకాల నర్సు. నర్సు వెనకాల వాళ్ళ అత్తగారు.

"ఆవిడ చెవిలో ఉన్నది కూడా తీయాలి. అదీ ఎలక్ట్రానిక్ వస్తువే," అన్నాడు చీఫ్.

"ఏంటంటున్నాడు?" అంది అత్తగారు, అవసరానికి మించిన గొంతుతో.

"మీ వినికిడి మిషను తీయమంటున్నారత్తయ్యా."

"తీసేస్తా, దానికేముంది! కానీ నాయనా, తర్వాత నువ్వు నన్ను ఏం తిట్టినా నాకు వినపడదు. నీ శ్రమంతా దండగ."

కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ ఆవిడ నవ్వు దాచుకుంటూ, వైద్యానికి సంబంధించిన వస్తువులకి అనుమతి ఉందని చెప్పింది. చీఫ్ ఆమె వంక ఒక చూపు చూసి లాకరు మూశాడు.

చూడ్డానికి కేసు చిన్నదే. పోయిన శనివారం ఈ కేంద్రంలో పన్నెండు మంది కంప్యూటర్ మీద ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష రాశారు. మాట్లాడే భాగంలో, మీరు బాగుచేసిన ఒక వస్తువు గురించి చెప్పమని ఒక ప్రశ్న వచ్చింది. ఏడో సీటులో కూర్చున్న నర్సు, నీళ్ళలో పడిన వినికిడి మిషను బాగుచేసిన సంగతి చెప్పింది. ఎనిమిదో సీటులో కూర్చున్న సేల్స్ ఉద్యోగి కూడా అదే చెప్పాడు. వాక్యానికి వాక్యం అదే. పరీక్ష పెట్టే సంస్థ ఇద్దరి ఫలితాలూ ఆపేసింది. ఎవరు ఎవరిది కాపీ కొట్టారో తేల్చి పంపమంది. చీఫ్ తేల్చేశాడు: నర్సే కాపీ కొట్టింది. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ రిపోర్టు వెళ్తుంది. వెళ్తే రెండేళ్ళపాటు ఆమె మళ్ళీ ఈ పరీక్ష రాయకూడదు. బయటి దేశపు ఆసుపత్రి ఆమె కోసం అట్టే పెట్టిన ఉద్యోగం ఈ నెలాఖరుకి ఇంకొకరికి పోతుంది.

రిపోర్టు వెళ్ళేలోపు అభ్యర్థి తన తరఫు మనుషులతో వచ్చి రికార్డింగులు వినొచ్చని ఒక నియమం ఉంది. దాన్ని పట్టుకునే డిటెక్టివ్ ఇక్కడిదాకా రాగలిగింది.

"ముందు ఎనిమిదో సీటు అతనితో మాట్లాడతాను," అంది.

"అతను వెయిటింగ్ రూములోనే ఉన్నాడు. మాట్లాడుకోండి. దాచడానికి ఏమీ లేదు."

సేల్స్ ఉద్యోగికి పాతికేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. కుర్చీలోంచి లేచి చీఫ్‌కి నమస్కారం పెట్టి, "కూర్చోమంటారా సార్?" అని అడిగి మరీ కూర్చున్నాడు.

"మిషను ఎవరిది?" అంది డిటెక్టివ్.

"మా నాయనమ్మది మేడమ్."

"ఆరబెట్టడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

"రెండు వారాలు."

"రెండు వారాలూ ఆవిడ మిషను లేకుండానే ఉన్నారా?"

"ఉన్నారు మేడమ్. పాపం, చాలా ఇబ్బంది పడింది."

"ముందు బ్యాటరీ తీశానని చెప్పారు కదా. ఎంత ఉంటుంది ఆ బ్యాటరీ?"

అతను చీఫ్ వైపు చూసి, చూపు తిప్పుకుని, చూపుడువేలు నిలువుగా పెట్టి చూపించాడు. "మామూలుదే మేడమ్. పెన్సిల్ సెల్లు."

అత్తగారు పకపకా నవ్వింది. "పెన్సిల్ సెల్లా! అది పెట్టుకుంటే చెవి భుజం మీదికి వేలాడిపోదుటయ్యా?" అంటూ మిషను తీసి, చిన్న మూత విప్పి అతని ముందు పెట్టింది. లోపల ఉన్న బ్యాటరీ చొక్కా గుండీలో సగం లేదు.

సేల్స్ ఉద్యోగి మెడ దగ్గర ఎర్రబడింది. డిటెక్టివ్ నర్సు వైపు తిరిగింది. "నువ్వు కూడా రెండు వారాలనే చెప్పావు కదమ్మా?"

"చెప్పాను మేడమ్. నిజానికి రెండు రోజులే. ఎదురుగా తెర మీద సెకన్లు తగ్గిపోతుంటే గుండె దడదడలాడి డేస్ అనబోయి వీక్స్ అనేశాను. అన్నాక దిద్దుకుంటే టైము పోతుందని ఊరుకున్నా."

"నువ్వు కంగారులో చేసిన తప్పు ఈయన నోట కూడా ఉంది."

"అయితే?" అన్నాడు చీఫ్ తాపీగా. "పరీక్షలో నిజమే చెప్పాలని రూలు ఎక్కడుంది? లేని నాయనమ్మని పుట్టించి చెప్పినా మార్కులు వేస్తారు. ఇతను కల్పించి చెప్పాడు. పక్కనున్న అమ్మాయి విని దింపేసింది. ఇంట్లో నిజంగానే మిషనుంది కాబట్టి ఇప్పుడు తెచ్చి చూపిస్తోంది. మాట్లాడే భాగంలో ఈ అమ్మాయికి ఇంతకుముందు రెండుసార్లు అర మార్కు తక్కువొచ్చింది. మూడోసారి ఒక్కసారిగా ఇంత చక్కగా ఎలా మాట్లాడింది?"

"నాతో మాట్లాడి," అంది అత్తగారు. "ఆర్నెల్లుగా మా వంటింట్లో కూరలు తరుగుతూ ప్రశ్నలు నేనే అడిగాను. నాకు ఇంగ్లీషు రాదు, తప్పో ఒప్పో చెప్పలేను. ఆగిందా లేదా మాత్రం చెప్పగలను. ఆగితే మళ్ళీ మొదటికి రమ్మనేదాన్ని."

చీఫ్ ఆమె మాట విననట్టే డిటెక్టివ్‌తో అన్నాడు. "పన్నెండింటిదాకా మీ ఇష్టం. తర్వాత బటన్ నొక్కేస్తాను. అక్కడితో సరి."

వెయిటింగ్ రూము మూలన ఒక లావుపాటి మనిషి చేతిలో కొత్త దరఖాస్తుతో ఇదంతా వింటున్నాడు. హోటల్లో వంటమాస్టరు. శనివారం ఐదో సీటు అతనిదే. ఫలితం చూసుకుని, ఇంకోసారి రాద్దామని వచ్చాడు. డిటెక్టివ్ వెళ్ళి అతని పక్క కుర్చీలో కూర్చుంది.

"ఆ రోజు ఎలా జరిగిందండీ?"

"ఏం చెప్పమంటారు మేడమ్! కళ్యాణమండపంలో వెయ్యి మందికి వండాను గానీ ఇంత చెమట పట్టలేదు. ఏసీ చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి, ఒళ్ళంతా చెమట. పన్నెండు మంది ఒక్కసారిగా మాట్లాడుతుంటే మన మాట మనకే వినపడదు. దానికి తోడు మధ్యలో గోడ అవతల డ్రిల్లు మొదలెట్టారు."

"ఎప్పుడు?"

"బాగుచేసిన వస్తువు ప్రశ్నప్పుడు. నేను మిక్సీ గురించి చెప్తుంటే మిక్సీ తిరిగినట్టే మోత. ఇన్విజిలేటరమ్మ దాన్ని ఆపించడానికి బయటికి పరిగెత్తింది."

"ఆవిడ వెళ్తే లోపల ఎవరున్నారు?"

"వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడ డిబార్ చేస్తారోనని తల తిప్పలేదు మేడమ్. అయితే ఒకటి. అందరం ప్రశ్నల్లో ఉంటే ఒకడు మాత్రం ఇంకా మైక్ చెక్ దగ్గరే ఉన్నాడు. మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మొదట్లో మన ఊరి గురించి రెండు ముక్కలు చెప్పమంటారు చూశారూ, అది. 'మై టౌన్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్' అంటాడు, ఆగుతాడు. మళ్ళీ అదే. వాడి ఊరి అందం వినలేక చచ్చాను."

"ఏ వైపు నుంచి?"

అతను కళ్ళు మూసుకుని కుర్చీలో సర్దుకుని, కుడిచెయ్యి ఎత్తాడు. "ఇటు. పక్క సీటు కాదు, కాస్త అవతల."

ఐదుకి కుడివైపు ఆరు, ఏడు, ఎనిమిది.

పరీక్ష గది పొడుగ్గా ఉంది. కిటికీలు లేవు. గోడ వెంట పన్నెండు బల్లలు, బల్లకీ బల్లకీ మధ్య కూర్చున్న మనిషి తల ఎత్తున పలచటి చెక్క అడ్డు. అభ్యర్థుల కంప్యూటర్లన్నీ ఆపేసి ఉన్నాయి, ఏడూ ఎనిమిదీ తప్ప.

"ఇవి ఎందుకు ఆన్‌లో ఉన్నాయి?" అంది డిటెక్టివ్.

"కేసు తేలేదాకా ఆ రెండూ ఆపకూడదని రూలు మేడమ్," అంది సిస్టమ్స్ ఆవిడ. "కరెంటు పోయినా ఆరిపోకుండా వీటికి యూపీఎస్ పెట్టాం."

తలుపు పక్కన గోడకి పాతకాలపు తెల్ల ఫోను ఒకటుంది. మీద దుమ్ము.

"అదేంటి?"

"పరీక్ష పెట్టే సంస్థకి నేరుగా కలుస్తుంది. అభ్యర్థులకి ఏదైనా ఇబ్బందైతే చెప్పుకోవడానికి. అభ్యర్థి తప్ప ఇంకెవరు మాట్లాడినా లైను కట్ చేసేస్తారు. మాట్లాడినదంతా అక్కడ రికార్డవుతుంది. నేను చేరాక ఎవరూ వాడగా చూడలేదు."

"ఎలా వాడతాం?" అంది నర్సు మెల్లగా. "అవతల అన్నీ ఇంగ్లీషులోనే. శనివారం డ్రిల్లు మోతప్పుడు అటే చూశాను. ఇంగ్లీషులో కంప్లయింట్ చేసేంత ధైర్యమే ఉంటే ఈ పరీక్షకి ఇంత భయమెందుకు?"

డిటెక్టివ్ ఎనిమిదో సీటులో కూర్చుని హెడ్‌ఫోను పెట్టుకుంది. నర్సుని ఏడో సీటులో కూర్చోబెట్టి, పరీక్షలో మాట్లాడినట్టే మాట్లాడమంది. హెడ్‌ఫోను ఉన్నా, చెక్క అడ్డు ఉన్నా, ప్రతి మాటా పక్కనే కూర్చుని చెప్పినట్టు వినపడింది.

"అతని మాటలు ఆవిడకీ ఇలాగే వినపడతాయి కదా," అన్నాడు చీఫ్ తలుపు దగ్గర నుంచి. "దీంతో తేలేదేముంది?"

"ఎవరు ముందు చెప్పారో తేలితే చాలు. ఫైళ్ళ మీద టైము ఉండదా?"

"పరీక్ష అయిపోయాక అన్నీ ఒక్కసారే పైకి వెళ్తాయి మేడమ్. అన్నిటి మీదా ఒకే టైము పడుతుంది," అంది సిస్టమ్స్ ఆవిడ.

"అయితే రెండు జవాబులూ వినిపించండి."

సిస్టమ్స్ ఆవిడ గది చివర తన బల్ల మీది స్పీకరులో నర్సు జవాబు పెట్టింది. సన్నటి గొంతు, మొదట్లో వణుకు. మిషను మూత విప్పి బ్యాటరీ తీశానని చెప్తుండగా వెనకాల డ్రిల్లు మోత మొదలై చివరిదాకా సాగింది. తర్వాత సేల్స్ ఉద్యోగి జవాబు. ధీమా అయిన గొంతు. అవే మాటలు. వెనకాల డ్రిల్లు లేదు.

"చూశారా?" చీఫ్ ముందుకొచ్చాడు. "డ్రిల్లు మొదలవకముందే అతను చెప్పేశాడు. ఆవిడ తర్వాత చెప్పింది. మీ సాక్ష్యంతోనే మీ కేసు పోయింది. అక్కడితో సరి."

"లేదా, డ్రిల్లు ఆగిపోయాక చెప్పాడు."

"అన్నంత మాత్రాన అయిపోతుందా?"

"అవదు. డ్రిల్లు మోగుతున్నప్పుడు అతనేం చేస్తున్నాడో వింటే తెలిసిపోతుంది." డిటెక్టివ్ సిస్టమ్స్ ఆవిడ వైపు తిరిగింది. "మైక్ చెక్‌లో మాట్లాడింది ఎక్కడికి వెళ్తుంది?"

"ఎక్కడికీ వెళ్ళదు మేడమ్. మార్కులు లేవు కాబట్టి పైకి పంపరు. ఆ సీటు కంప్యూటర్లోనే ఉంటుంది. దాన్ని ఆపితే చెరిగిపోతుంది." చెప్తూ చెప్తూ ఆమె ఆగి, వెలుగుతున్న ఎనిమిదో తెర వైపు చూసింది. "ఇది శనివారం నుంచి ఆపలేదు."

చీఫ్ మళ్ళీ తలుపు దగ్గరికి జరిగాడు. "పనికిరాని ఫైళ్ళు. వినండి, కాదన్నదెవరు? నేను రిపోర్టు చూసుకోవాలి," అన్నాడు. కానీ బయటికి వెళ్ళలేదు.

"ఒక్క మాట," అంది డిటెక్టివ్. "శనివారం పరీక్ష జరుగుతుండగా మీరు ఈ గదిలోకి వచ్చారా?"

"అడుగు పెట్టలేదు. లోపల ఇన్విజిలేటర్ ఒక్కరే. రాసిచ్చాను కూడా."

ఎనిమిదో సీటుకి స్పీకరు లేదు, హెడ్‌ఫోనే. సిస్టమ్స్ ఆవిడ ఫైళ్ళు వెతికి పెట్టింది. డిటెక్టివ్ హెడ్‌ఫోను ఒక చెవికి తను ఆనించుకుని, రెండోది నర్సు చెవికి ఆనించింది.

'మై టౌన్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్.' తర్వాత మౌనం. ఆ మౌనంలో డ్రిల్లు మోత. మోత కింద దూరంగా, స్పష్టంగా, సన్నటి ఆడగొంతు మూత విప్పడం గురించీ బ్యాటరీ గురించీ చెప్తోంది.

"నేనే! అది నా గొంతే మేడమ్!" నర్సు డిటెక్టివ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను చెప్తున్నప్పుడు ఆయన ఇంకా మొదలే పెట్టలేదు."

డిటెక్టివ్ తల ఊపింది గానీ హెడ్‌ఫోను తీయలేదు. ఆడగొంతు పక్కన ఇంకేదో ఉంది. గుసగుస. అదీ తెలుగులో. వెనక్కి పెట్టించి మళ్ళీ వింది. మూడోసారి వినక్కర్లేకపోయింది. మొహంలో ఏమీ కనపడనివ్వకుండా హెడ్‌ఫోను దించి, ఇక ఆపమన్నట్టు సిస్టమ్స్ ఆవిడకి కంటితో సైగ చేసింది. ఇక్కడ నోరు విప్పకూడదు. ముందు బయటపడాలి. లాకర్లోంచి ఫోను తీసుకోవాలి. ఆ తర్వాతే మాట్లాడాలి.

సిస్టమ్స్ ఆవిడ ఆపేలోపే అత్తగారు హెడ్‌ఫోను లాక్కుంది.

"నా కోడలి గొంతు నన్నూ విననివ్వండమ్మా." మిషను చప్పుడు పెంచుకుని, దాని మీద హెడ్‌ఫోను పెట్టుకుంది. మిషను ఒకసారి కీచుమంది. ఆవిడ మొహం వెలిగింది, తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. చెవులు మూసుకున్నవాళ్ళు మాట్లాడినట్టే, గది దద్దరిల్లేలా అంది:

"ఎవరో 'మామయ్యా, ఇంకెంతసేపు?' అంటున్నాడే! ఇంకొకరేమో 'ఆవిడ చెప్పడం అయ్యేదాకా మైక్ చెక్‌లోనే ఉండు, విని అదే చెప్పు, అక్కడితో సరి' అంటున్నారు. అరె, ఇది ఈ చీఫ్ బాబు గొంతు కదూ? అయితే ఆ పెన్సిల్ సెల్లు కుర్రాడు ఈయన మేనల్లుడా?"

సిస్టమ్స్ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డిటెక్టివ్ తలుపు వైపు తిరిగేసరికి చీఫ్ మొహంలో కోపం లేదు, కంగారూ లేదు. లెక్క చూసుకుంటున్నట్టున్నాడు. ఎదురెదురు గదుల రోజుల్లో, కేసు చేజారుతోందని తెలిసినప్పుడల్లా అతని మొహం అలాగే ఉండేది.

"ఆ మాట రికార్డులో ఉంటే కదమ్మా," అన్నాడు. బయటికి అడుగేసి తలుపు లాగాడు. తాళం తిరిగింది. మరుక్షణం వరండాలో మెయిన్ స్విచ్ దింపిన చప్పుడు. గదంతా చీకటైపోయింది.

"ఏమ్మా, కరెంటు పోయిందా?" అంది అత్తగారు.

చీకట్లో రెండు తెరలు మాత్రం వెలుగుతున్నాయి. ఎనిమిదో బల్ల కింద యూపీఎస్ కీ కీ మంటోంది.

"ఎంతసేపు వస్తుంది?" అంది డిటెక్టివ్.

"కొత్తదైతే అరగంట. ఇది పాతది. పది నిమిషాలు, అదీ నమ్మకం లేదు." సిస్టమ్స్ ఆవిడ తెర వెలుగులో బల్లంతా వెతికింది. "ఫైలు వేరేచోటికి పంపడానికి నెట్ లేదు. కాపీ చేయడానికి చేతిలో ఏమీ లేదు. అందరి ఫోన్లూ లాకర్లలోనే."

తలుపు కొట్టినా తీసేవాళ్ళు లేరు. పది నిమిషాల తర్వాత చీఫ్ తలుపు తెరిచి, ఫ్యూజు పోయిందని నొచ్చుకుంటాడు. ముగ్గురు ఆడవాళ్ళు ఏదో విన్నామంటారు, విన్నది చూపించలేరు. పన్నెండింటికి రిపోర్టు వెళ్ళిపోతుంది.

డిటెక్టివ్ గోడ వైపు చూసింది. "ఆ ఫోనుకి కరెంటు కావాలా?"

"అక్కర్లేదు." సిస్టమ్స్ ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి గబగబా వెళ్ళి, తీగ గుంజి, ఫోనుని గోడ నుంచి దించి ఎనిమిదో బల్ల దాకా లాగింది. తీగ బిగిసి సరిగ్గా సరిపోయింది. "రిసీవరుకి హెడ్‌ఫోను ఆనిస్తే అటువైపు రికార్డవుతుంది మేడమ్. కానీ..."

ముగ్గురూ నర్సు వైపు చూశారు.

"నేను మాట్లాడొచ్చు గానీ అభ్యర్థిని కాదని తెలియగానే కట్ చేస్తారు," అంది డిటెక్టివ్. "ఎందుకు ఫోను చేశావో, ఏం వినిపిస్తున్నావో, ఎవరి గొంతో, అన్నీ నువ్వే చెప్పాలి. వాళ్ళు అడ్డుప్రశ్నలేస్తే జవాబులూ నువ్వే."

"ఇప్పటికిప్పుడా? మేడమ్, ఇది నేను ప్రాక్టీసు చేయలేదు. ఈ ప్రశ్న మా దగ్గర లేదు."

అత్తగారు చీకట్లో తడుముకుంటూ వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఈసారి గొంతు తగ్గించింది. "నేను అడుగుతాను, నువ్వు చెప్పు. ఏం జరిగింది? ఆగకు. ఆగావంటే మళ్ళీ మొదటికి రమ్మంటా."

నర్సు రిసీవరు ఎత్తింది. అవతల రెండుసార్లు మోగి, మగగొంతు ఒకటి గబగబా ఏదో అడిగింది. ఆమె రిసీవరుని రెండు చేతులతో పట్టుకుంది. యూపీఎస్ కూత జోరెక్కింది. తలుపు అవతల అడుగులు వచ్చి ఆగాయి.

తాళంలో చెవి పెట్టిన చప్పుడు అందరూ విన్నారు. నర్సు మాత్రం తల తిప్పలేదు. కళ్ళు మూసుకుని, తన అభ్యర్థి నంబరు అంకె అంకె చెప్పింది. ఊపిరి పీల్చుకుంది.

"ఐ వాంట్ టు మేక్ ఎ కంప్లయింట్," అంది. వణుకు మొదటి మాటలోనే ఉంది, చివరి మాటకి లేదు. "ప్లీజ్ లిజన్ టు దిస్ వాయిస్."

రిసీవరుని హెడ్‌ఫోనుకి ఆనించింది. సిస్టమ్స్ ఆవిడ ఫైలు నొక్కింది. గుసగుస అవతలికి వెళ్తుండగా తలుపు తెరుచుకుంది.